నాలుగు పాయింట్ ఐదు

జూన్ 3, మంగళవారం

మొగల్తూరులో గంగరాజు గారి చెరువు పోయింది.

ఆఫీసు తలుపు తీయకముందే ఫోన్లు మొదలయ్యాయి. తెల్లవారుజామున కరెంటు పోయిందట, జనరేటర్ వేశారట, కాసేపటికి కరెంటు మళ్ళీ వచ్చిందట. వచ్చాక నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరేటర్ల చక్రాలు తిరగలేదు. ఫోన్‌లో మాత్రం ‘నడుస్తున్నాయి’ అనే ఉంది. కాపలా మనిషి ఫోన్ చూసుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి గాలి అందక రొయ్యలన్నీ తేలిపోయాయి. పంట పట్టుబడికి ఎక్కువ రోజులు కూడా లేవు.

అది మా పెట్టె ఉన్న చెరువు. ఏరేటర్లను ఆపేదీ, నడిపేదీ, రైతు ఫోన్‌కి కబురు పంపేదీ మా పెట్టే. అందులో నడిచే ప్రోగ్రాం ఫైలు నంబరు 4.5.

కంపెనీ బాబాయి గారిది. ఆయన మెట్ల దగ్గరే ఆపి అడిగారు. “4.5 అంటే మొన్న పూజ చేసి వదిలిందే కదమ్మా? మన టేబుల్ మీద బాగానే నడుస్తోంది కదా?”

నడుస్తోందండి అన్నాను. అది నిజమే.

జూన్ 4, బుధవారం

గంగరాజు గారు ఆఫీసుకి వచ్చారు. చెప్పులు బయట విడిచి, కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు.

బాబాయి గారు నా చేత పరీక్ష చేయించారు. టేబుల్ మీద పెట్టె, దానికి ఏరేటర్ బదులు చిన్న ఫ్యాను. స్విచ్ ఆపాను, వేశాను. ఫ్యాను ఆగింది, తిరిగింది. మళ్ళీ ఆపాను, వేశాను. మళ్ళీ తిరిగింది.

“చూశారుగా గంగరాజు గారూ. ఇక్కడా 4.5, మీ పెట్టెలోనూ 4.5. తయారైన తేదీ కూడా ఒకటే, మీరే చదువుకోండి.”

“అయితే నా రొయ్యలు అబద్ధం చెప్పి చచ్చిపోయాయంటారా రాజుగారూ?”

“అంత మాటొద్దండి. ఫైలు బాగుంది. బిగించడంలో ఏదో అయ్యుంటుంది.”

బిగించింది దుర్గాసాయి. మొగల్తూరు వైపు చెరువులన్నీ అతనే చూస్తాడు. పెన్‌డ్రైవ్‌తో కొత్త ఫైలు ఎక్కించేదీ అతనే. మధ్యాహ్నం పిలిపించారు.

“వైరు లూజైతే అన్నాళ్ళు ఎలా తిరిగాయండీ మరి?” అన్నాడు.

“నన్నడుగుతావేంటయ్యా? నిన్ను అడుగుతున్నాం.”

అతను నా వైపు చూశాడు. నేను టైపు చేస్తూ ఉన్నాను. ఏం టైపు చేశానో గుర్తు లేదు.

4.5 సంగతి ఇక్కడ రాసి పెట్టుకోవాలి, తర్వాత కలగాపులగం కాకుండా.

మా నంబర్లు సిద్ధాంతి గారు చెబుతారు. కలిపితే తొమ్మిది రావాలి. 2.7 తర్వాత 3.6, దాని తర్వాత 4.5. మధ్యలో ఉండాల్సినవి మా కంపెనీలో పుట్టనే లేదు. మే 21 బుధవారం ఉదయం తొమ్మిదీ పద్దెనిమిదికి ముహూర్తం. సూర్యావతి పిన్నిగారు లాప్‌టాప్ తెరకి బొట్టు పెట్టారు, అందరం ఫొటో దిగాం. రాలిన కుంకుమ కీబోర్డులో ఒక మీట కింద ఇంకా ఉంది. మర్నాడు పరీక్షలో ఒక లోపం కనబడింది: కరెంటు పోయి వస్తే ఏరేటర్లు మళ్ళీ మొదలవడం లేదు. లోపం సరిచేయడం జరిగింది. ఫైలు మళ్ళీ తయారైంది. నంబరు మార్చాలని చెప్పాను. పూజ అయిపోయింది, స్టిక్కర్లు అచ్చయ్యాయి, 4.5 గానే ఉండనీ అన్నారు.

పాత ఫైలు తీసేయడం అయింది. అందరికీ కొత్తదే వెళ్ళింది.

జూన్ 5, గురువారం

అందరికీ కొత్తదే వెళ్ళింది.

జూన్ 6, శుక్రవారం

దుర్గాసాయి వాళ్ళమ్మ మాణిక్యాంబ గారు వచ్చారు. బాబాయి గారు లేని వేళ చూసుకుని వచ్చారనుకుంటాను. సంచిలో మామిడిపళ్ళు.

“అమ్మాయి గారండీ, మావాణ్ణి ఏ చెరువు గట్టూ ఎక్కనివ్వట్లేదండీ. రొయ్యల్ని చంపినోడొచ్చాడు అంటన్నారు, మొహం మీదే.”

కూర్చోండి అన్నాను.

“కూర్చోడానికి రాలేదమ్మా. గురువారం మొగల్తూరులో పెద్దల్లో పెడతారంట. ఈ చుట్టుపక్కల ఏ చెరువు మీదా వీడి చెయ్యి పడకూడదని తేల్చేస్తారంట. వాడికి వచ్చిన పని అదొక్కటే కదండీ. మీరు పక్కనే ఉంటారు, చదువుకున్నవారు. వాడి తప్పేంటో మీరు చెప్పండి. నేనే తంతాను.”

“నాకు తెలియదండి” అన్నాను.

ఆవిడ నన్ను చూసి, సంచి నా బల్ల కింద పెట్టి వెళ్ళిపోయారు. పళ్ళ వాసన ఆఫీసంతా నిండింది. సాయంత్రం పిన్నిగారు చూసి ఎక్కడివే అంటే, ఎవరో ఇచ్చారన్నాను.

జూన్ 7, శనివారం

దుర్గాసాయి సామాను అప్పజెప్పడానికి వచ్చాడు. టెస్టర్, స్పానర్లు, రెయిన్‌కోటు. చివర్లో మెడలోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. అతను దాన్ని తాడు కట్టి మెడలో వేసుకుంటాడు, నీళ్ళలో పడకుండా.

“ఇందులో మీరిచ్చిందే ఉంది హైమ గారూ. పూజైన సాయంత్రం కాపీ చేసుకున్నాను, మర్నాడు పొద్దున్నే మొగల్తూరు బయల్దేరాలని.”

“తర్వాత మళ్ళీ కాపీ చేసుకోలేదా?”

“చేసుకున్నానండి, తర్వాతి వారం. మీరే మార్చుకోమన్నారు కదా. పాతదేమీ తీయలేదు, అది ఇంకో ఫోల్డర్లో ఉంది. రెండూ 4.5లే కదండీ. ఏది దొరికితే అది ఎక్కించాను.”

సామాను రిజిస్టర్ అతని ముందుకి జరిపాను. అతను సంతకం పెట్టి వెళ్ళాడు.

పెన్‌డ్రైవ్ సొరుగులో పెట్టాను. సోమవారం చూస్తాను.

జూన్ 8, ఆదివారం

చదువుదామని పుస్తకం తీశాను. భోజనానికి పిలిచేసరికి అదే పేజీలో ఉన్నాను.

జూన్ 9, సోమవారం

చూశాను.

పెన్‌డ్రైవ్‌లో రెండు ఫోల్డర్లు, రెండు ఫైళ్ళు. పేరు ఒకటే. నంబరు 4.5. తయారైన తేదీ మే 21, ఉదయం 9:18. తయారుచేసినవారు: హైమ. రెండింటిలోనూ అంతే.

హ్యాష్ తీశాను. ఫైలులో ఉన్న ప్రతి అక్షరాన్నీ లెక్కలోకి తీసుకుని కంప్యూటర్ ఒక పొడవాటి అక్షరాల వరస ఇస్తుంది. లోపల ఒక్క కామా మారినా వరస అంతా మారిపోతుంది. పేరు, నంబరు, తేదీ మనం రాసేవి. ఏమని రాస్తే అవే ఉంటాయి. ఈ వరస మనం రాసేది కాదు.

ఒకటి 7f3a తో మొదలైంది. రెండోది c09e తో. ఆఫీసులో ఉన్నదీ c09e.

అంటే పూజ రోజు ఫైలు బతికే ఉంది. ఎన్ని చెరువుల మీద ఉందో తెలియదు. పెట్టె మీద కనబడేవి నంబరూ తేదీ మాత్రమే. వాటిని చూసి ఎవరూ కనుక్కోలేరు.

తేదీ రెండింటికీ ఒకటే ఎందుకైందంటే, రెండోసారి ఆ తేదీ నేను చేత్తో టైపు చేశాను. ముహూర్తం అలాగే ఉంచమ్మా అన్నారు, ఉంచాను. నంబరు మార్చాలని అప్పుడు చెప్పాను. మెల్లగా చెప్పి ఉంటాను. ఆయనకి వినబడి ఉండదు.

జూన్ 10, మంగళవారం

నాన్నగారు పోయాక నన్ను చదివించింది బాబాయి గారే. ఆయన ఇంట్లోనే, పై గదిలో ఉంటున్నాను. ఆయన ముందు నేను మాట్లాడటం తక్కువ. ఎవరి ముందైనా తక్కువే. కాన్వెంట్లో మాట్లాడాలంటే ముందు చెయ్యి ఎత్తాలి. నాకు జవాబు తెలిసిన రోజుల్లో కూడా చెయ్యి బల్ల మీదే ఉండేది.

ఇవాళ భోజనాల దగ్గర పిన్నిగారు రొయ్యల వేపుడు వేశారు. నేను కంచం పక్కకి జరిపాను.

“సాయి పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైలు వేరేదండి” అన్నాను.

“4.5 కాదా?”

“4.5 ఏనండి. కానీ వేరేది.”

“నంబరొకటే, తేదీ ఒకటే, నీ పేరే ఉంది. వేరేదెలా అవుతుందమ్మా?” వేపుడు ఇంకొంచెం వేసుకున్నారు. “అలా అయితే వాడే ఏదో మార్చి ఉంటాడు. చూశావా, నేను అనుకుంటూనే ఉన్నాను.”

“మార్చలేదండి” అనాల్సింది.

“ఇదిగో, పెరుగు వేసుకో” అన్నారు పిన్నిగారు. వేసుకున్నాను.

జూన్ 11, బుధవారం

పేపర్లో చిన్న ప్రకటన. మరమ్మతుల కోసం శనివారం ఉదయం నుంచి సాయంత్రం దాకా మొగల్తూరు లైనులో కరెంటు ఉండదు.

పగలంతా జనరేటర్లు నడుస్తాయి, వాటి మీద ఏరేటర్లు పెట్టెతో పని లేకుండా నేరుగా తిరుగుతాయి. సాయంత్రం కరెంటు వస్తుంది. జనరేటర్లు ఆపేస్తారు. 7f3a ఉన్న ప్రతి చెరువులోనూ ఏరేటర్లు ఆగిపోయి, ఫోన్లలో ‘నడుస్తున్నాయి’ అని వస్తుంది. ఆ లైను మీద మా పెట్టెలు వంద పైనే.

బాబాయి గారు రేపు నన్ను కూడా రమ్మన్నారు. “లాప్‌టాప్ పట్టుకురా. పెద్దల ముందు ఇంకోసారి ఫ్యాను తిప్పి చూపిద్దాం. అయిపోతుంది.”

నంబరు మార్చాలని నేను చెప్పలేదు.

మెల్లగా కూడా చెప్పలేదు. లోపల అనుకున్నాను. గట్టిగానే అనుకున్నాను, అందుకే చెప్పినట్టు గుర్తుంది.

జూన్ 12, గురువారం

గంగరాజు గారి చెరువు గట్టు మీద రేకుల షెడ్డు. మేత బస్తాల మీద దుప్పటి పరిచి పెద్దలు కూర్చున్నారు. చెరువు ఎండగట్టారు, అడుగున సున్నం చల్లారు. వాసన ఇంకా పోలేదు. దుర్గాసాయి షెడ్డు బయట ఎండలో నిలబడ్డాడు, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. మాణిక్యాంబ గారు అతని వెనక, కొంగు తల మీద కప్పుకుని.

స్తంభానికి గంగరాజు గారి పెట్టె అలాగే ఉంది.

“చూపించమ్మా” అన్నారు బాబాయి గారు.

ఫ్యాను తిప్పి చూపించాను. నంబరు చూపించాను, తేదీ చూపించాను. పెద్దలు తలలు ఊపారు. బాబాయి గారు లేవబోయారు.

“రెండూ ఒకటి కాదండి” అన్నాను.

“ఏంటమ్మా?” అన్నారు గంగరాజు గారు. “గట్టిగా చెప్పు. నువ్వు మాట్లాడితే ఆ కొంగలకి కూడా వినబడాలి. మా దగ్గర దాపరికాల్లేవు.”

చెరువు అడుగున కొంగలు నిలబడి ఉన్నాయి. కొందరు నవ్వారు. 

“మీరు రొయ్య పిల్లల సీడ్ కొంటారు కదండీ” అన్నాను. “బ్యాగ్ మీద పిల్లల్ని పుట్టించిన హేచరీ పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది. అది చూసి చెరువులో వదులుతారా?”

“వదిలితే మునిగిపోమూ? ల్యాబులో రోగాలకి పీసీఆర్ పరీక్ష చేయించుకుంటాం.”

“ఎందుకండీ? పేరు ఉంది కదా.”

“పేరుదేముందమ్మా, ఎవడైనా రాస్తాడు. లోపల పిల్లలో ఏముందో చూడాలి కానీ.”

“నేనూ అదే చేస్తానండి. ఫైలుకి.”

అప్పుడు అందరూ ముందుకి జరిగారు. ఆఫీసు ఫైలు హ్యాష్ తీశాను. c09e. తర్వాత స్తంభం మీది పెట్టెకి తీగ తగిలించాను. ఒకసారి జారింది. దుర్గాసాయి బయటి నుంచే, “ఎడమ పక్క రంధ్రమండి” అన్నాడు. తగిలింది. 7f3a. పెన్‌డ్రైవ్‌లోని పాత ఫోల్డర్ తెరిచాను. 7f3a.

“పైన రాసింది ఒకటే, లోపల ఉన్నది వేరు” అన్నాను. “సాయి గారు బిగించడంలో తప్పు లేదండి. ఆయనకిచ్చిన ఫైలే పెట్టెలో ఉంది. ఆ ఫైల్లోనే లోపం ఉంది.”

“ఆ ఫైలు వాడు తయారు చేసుకున్నది కాదని ఏంటి రుజువు?” అన్నారు బాబాయి గారు. కోపంగా కాదు. నిజంగానే అడిగారు. “మన ఆఫీసులో ఆ అంకె లేదు కదమ్మా. నువ్వే అంటున్నావు.”

ఆఫీసులో లేదు. తీసేసింది నేనే. కానీ ఫైలు తయారైన ప్రతిసారీ హ్యాష్ తీసి తెర మీద ఉంచడం నా అలవాటు. ఎవరూ చూడరు, అయినా తీస్తాను. నిన్న మొత్తం అదే ఆలోచించాను: ఎక్కడైనా మిగిలిందా అని. ఆలోచిస్తూ ఆలోచిస్తూ గోడ వైపు చూశాను. అక్కడ ఉంది.

“పూజ ఫొటో బాబాయి గారూ. మీరే రైతులందరికీ పంపించారు.”

షెడ్డులో అందరూ ఫోన్లు తీశారు. గంగరాజు గారు కళ్ళజోడు పెట్టుకుని, ఫొటో పెద్దది చేసి, వేలితో జరుపుకుంటూ వెతికారు. కొబ్బరికాయ, అగరొత్తులు, బాబాయి గారి భుజం, లాప్‌టాప్ తెర.

“ఏడు. ఎఫ్. మూడు.” ఆగిపోయారు. “తర్వాతది కుంకుమ బొట్టమ్మా. కనబడట్లేదు.”

నా తెర మీద మూడు తర్వాతి అక్షరం దగ్గర వేలు పెట్టాను.

“దాని తర్వాతవి చదవండి” అన్నాను. “నేను ఇక్కడ చూస్తుంటాను.”

ఆయన ఒక్కొక్క అక్షరం చదివారు, బడిలో పిల్లవాడిలా. పక్కాయన వేరే ఫోన్‌లో సరిచూశారు. బొట్టు తప్ప అన్నీ కలిశాయి, చివరి అక్షరం దాకా.

“ఇన్ని కలిశాక బొట్టు కింద ఏముంటే ఏంటి” అన్నారు ఎవరో.

మాణిక్యాంబ గారు బయట నేల మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

బాబాయి గారు చాలాసేపు ఫొటో చూశారు. “లోపం దొరికాక నంబరు మార్చొద్దన్నది నేనేనండి. ముహూర్తం పోతుందని” అన్నారు పెద్దలతో. తర్వాత నా వైపు తిరిగారు. “మార్చాలని నీకు తెలుసు కదమ్మా. అప్పుడు ఎందుకు చెప్పలేదు?”

అందరూ నన్నే చూస్తున్నారు.

“అనుకున్నానండి. పైకి అనలేదు.”

గంగరాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఒక్క మాట పైకి వచ్చి ఉంటే నాకు పంట దక్కేదన్నమాట.”

ఎవరూ నవ్వలేదు. అవునండి అన్నాను.

ఆ తర్వాత ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు, ఎందుకంటే అసలు సంగతి ఇంకా చెప్పలేదు. “ఇంకా ఎవరి పెట్టెల్లో ఇది ఉందో మాకు తెలియదండి. శనివారం ఈ లైన్లో కరెంటు తీసేస్తున్నారు. సాయంత్రం కరెంటు వచ్చేలోగా ప్రతి పెట్టే చూడాలి.”

దుప్పటి మీద కూర్చున్నవాళ్ళంతా ఒకేసారి లేచారు.

బాబాయి గారు దుర్గాసాయి దగ్గరికి వెళ్ళారు. “రేపు వచ్చి నీ సామాను తీసుకెళ్ళు నాయనా.”

“రేపేంటండీ రాజుగారూ. ఇప్పుడే ఇవ్వండి.”

జూన్ 13, శుక్రవారం

ప్రతి చెరువు మీదా కొత్త ఫైలు ఎక్కించే వ్యవధి లేదు. ఎక్కించాలంటే ఏరేటర్లు అరగంట ఆపాలి. హ్యాష్ చూడ్డానికి నిమిషం చాలు. అందుకని ముందు చూడటం, 7f3a కనబడిన చోట మాత్రమే మార్చడం. నిన్న సాయంత్రమే దుర్గాసాయి తిరగడం మొదలుపెట్టాడు. కొందరు ఇంకా గట్టు ఎక్కనివ్వడం లేదట. గంగరాజు గారు తన మోటార్‌సైకిల్ మీద ముందు వెళుతున్నారు. “నా చెరువు పోయిందయ్యా, నీదైనా ఉండనీ, జరుగు” అంటున్నారట.

నేను ఆఫీసులో ఫైలు తయారుచేస్తున్నాను. బాబాయి గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. గడియారం చూశారు.

“ఇప్పుడు రాహుకాలం కదమ్మా.”

“అవునండి.”

“నంబరు 5.4 వేస్తున్నావా?”

“4.6 అండి. తేదీ ఇవాళ్టిదే.”

కలిపితే పది. ఆయన పెదవులు కదిలాయి, లెక్క వేసుకున్నారు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళారు. కాసేపటికి పిన్నిగారి చేత మజ్జిగ పంపించారు.

జూన్ 14, శనివారం

మధ్యాహ్నానికి నన్ను కూడా రమ్మని కబురు. రెండో లాప్‌టాప్ కావాలట. జీవితంలో మొదటిసారి మోటార్‌సైకిల్ వెనక కూర్చుని పేరుపాలెం దాకా వెళ్ళాను, మాణిక్యాంబ గారి మేనల్లుడు నడిపాడు. ఊళ్ళన్నీ జనరేటర్ల మోత. ఒక్కో గట్టు మీద ఒక్కో పెట్టె. c09e అయితే మూత వేసి వచ్చేయడం. 7f3a అయితే దుర్గాసాయిని పిలవడం.

ఏడు దొరికాయి.

ఏడోది ఉప్పుటేరు పక్కన, పెద్ద చెరువు. మేం చేరేసరికి ఎండ తగ్గిపోయింది. దుర్గాసాయి అవతలి గట్టు మీద పెట్టె విప్పి, చెరువు వైపు వీపు పెట్టి పని చేస్తున్నాడు. నేను ఇవతల, ఏరేటర్లకి ఎదురుగా ఉన్నాను. మధ్యలో నీళ్ళు. రైతు నా పక్కన నిలబడ్డాడు. చేతిలో ఫోన్ ఉంది, దాన్ని చూడటం లేదు.

దూరంగా ఊళ్ళో లైట్లు వెలిగాయి. కరెంటు వచ్చింది. జనరేటర్ ఆపేశారు.

మోత ఆగిపోయాక నీళ్ళు అలాగే ఉన్నాయి. రైతు ఫోన్‌లో చప్పుడు వచ్చింది. నడుస్తున్నాయి అని వచ్చి ఉంటుంది. ఇద్దరమూ నీళ్ళనే చూస్తున్నాం. ఏదీ కదల్లేదు.

తర్వాత ఆ చివర ఒక చక్రం, ఇష్టం లేనట్టు, అర చుట్టు తిరిగి ఆగి మళ్ళీ తిరిగింది. దాని పక్కది. దాని పక్కది. నురగ లేచింది.

“తిరుగుతున్నాయా హైమ గారూ?” అవతలి గట్టు మీంచి దుర్గాసాయి అరిచాడు, వెనక్కి తిరగకుండా.

“తిరుగుతున్నాయి!” అని అరిచాను.

గట్టు మీది కొంగలన్నీ లేచిపోయాయి.